పెరట్లో వియ్యపురాలు

టైలరమ్మకు వియ్యపురాలితో మొదట్లో ఏ పేచీ లేదు. ఏడాదికి రెండు మూడుసార్లు వచ్చి, నవ్వుతూ నాలుగు మాటలు మాట్లాడి, తిన్న పళ్ళెం తనే కడిగి బోర్లించి, చీకటి పడకముందే బస్సెక్కి వెళ్ళిపోయే చుట్టాన్ని ఎవరు వద్దంటారు? తంటా అంతా ఆవిడ ట్రంకుపెట్టెతో సహా దిగాకే మొదలయింది.

ఆవిడ అద్దెకున్న పాత మేడను పడగొడుతున్నారు. కొనుక్కున్న ఫ్లాటుకేమో ఇంకా తలుపులు కూడా బిగించలేదు. "ఫ్లాటు చేతికొచ్చేదాకా అమ్మ మన దగ్గర ఉంటుంది అత్తయ్యా" అని కోడలు అడిగినప్పుడు, "దానికి నన్నడగడం ఏంటే, పిచ్చిపిల్లా" అని టైలరమ్మ మనసారా అంది. ఆ మాట అన్నందుకు తర్వాత ఎన్నిసార్లు నాలుక కరుచుకుందో లెక్కలేదు.

వియ్యపురాలు సిటీబస్సులో కండక్టరుగా పనిచేసి రిటైరయిన మనిషి. వచ్చిన వారానికే వీధిలో అందరికీ కండక్టరమ్మ అయిపోయింది. ఆవిడ ఉద్యోగం వదిలినా గొంతు ఆవిడను వదల్లేదు. వంటింట్లో ఇద్దరు మనుషులు ఎదురుపడితే చాలు, "జరగాలి జరగాలి, లోపల బోలెడు ఖాళీ ఉంది!" అనేది. ఆ మాటకు కొడుకు పగలబడి నవ్వేవాడు. ఆ నవ్వు విన్నప్పుడే టైలరమ్మ మొదటిసారి వియ్యపురాలి వైపు తేరిపార చూసింది.

ఎందుకంటే వాడు నవ్వే రకం కాదు. ఇన్సూరెన్సు ఆఫీసులో పగలంతా కాగితాలతో కుస్తీ పట్టి, ఇంటికొచ్చి సోఫాలో కూలబడి, అడిగినదానికి "ఊఁ" అని, అడగనిదానికి అది కూడా అనకుండా పడుకునే మనిషి. తండ్రి పోయేనాటికి వాడింకా బడిలో అక్షరాలు దిద్దుతున్నాడు. ముందుగదిలో మెషిను తొక్కి, వీధి వీధంతటికీ బట్టలు కుట్టి, వాణ్ణి ఇంతవాణ్ణి చేసింది టైలరమ్మే. వాడి ముభావం తండ్రి పోలికేలే అని ఇన్నాళ్ళూ సరిపెట్టుకుంది. ఇప్పుడు చూస్తే వాడికి నవ్వడం బాగానే వచ్చు.

పెరటి మూలన ఒక షెడ్డు ఉండేది. చెక్క గోడలు, రేకుల కప్పు, ఎడమవైపుకు కాస్త ఒరిగి, ఎవరైనా చెయ్యేస్తే పడిపోదామన్నట్టు నిలబడి ఉండేది. లోపల కాళ్ళు విరిగిన కుర్చీలు, తుప్పు పట్టిన సైకిలు, గడ్డకట్టిన పెయింటు డబ్బాలు, తరాల తరబడి కాపురముంటున్న ఎలుకలు. దాన్ని ఎవరిచేతనైనా బాగు చేయించరా, మెషిను అందులో వేసుకుంటాను అని టైలరమ్మ కొడుకును ఏళ్ళుగా పోరుతూనే ఉంది. "చూద్దాంలే అమ్మా" అనేవాడు. ఏళ్ళు గడిచాయి గాని వాడు చూసింది లేదు.

ఒక ఆదివారం పొద్దున కండక్టరమ్మ టీ గ్లాసు పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. షెడ్డు చుట్టూ తిరిగింది. గోడల మీద వేళ్ళతో తట్టింది. లోపలికి తల పెట్టి చూసి, ఎలుక ఒకటి కాళ్ళ మీదుగా పోతే కూడా చలించకుండా, "ఇదెవరిదే?" అని కేకేసింది.

"ఎవరిదేంటమ్మా, మనదే" అంది కోడలు వంటింట్లోంచి.

"మనదైతే ఇలా గాలికొదిలేశారేంటే! చాసిస్ ఉక్కులా ఉంది. బాడీ మారిస్తే నా తర్వాత కూడా తిరుగుతుంది ఇది. బాబూ, ఒక్కసారి ఇలా రా. ఆ చివర పట్టుకో."

'చూద్దాంలే అత్తయ్యా' అంటాడని టైలరమ్మ ముందుగదిలోంచే చెవులు రిక్కించింది. వాడు సోఫాలోంచి లేచాడు. చొక్కా చేతులు మడుచుకుంటూ పెరట్లోకి వెళ్ళి, ఆ చివర పట్టుకున్నాడు.

మధ్యాహ్నానికి షెడ్డు ఖాళీ. సాయంత్రానికి అది నిటారుగా నిలబడింది. టైలరమ్మకు ఆ పూట తలనొప్పి వచ్చింది.

*

కండక్టరమ్మ ఒక పట్టు పట్టింది. షెడ్డుకు కొత్తది ఒక్క మేకు కూడా కొనకూడదు. ఎవరో వద్దనుకున్నదే కావాలి. ఊళ్ళో అంత పారేసిన సామాను ఉందని టైలరమ్మకు అప్పటిదాకా తెలియదు. రెండు వీధుల అవతల పాత బడిని కూలగొడుతుంటే, నేల చెక్కలు మోసుకొచ్చారు. బడిపిల్లల కాళ్ళకు అరిగి అరిగి నున్నగా ఉన్నాయవి. వాటితో పాటు ఒక నల్లబల్ల. డిపోలో తుక్కుకు వేసిన బస్సులోంచి పట్టుకుని నిలబడే గొట్టాలు విప్పి ఇచ్చారు పాత సహోద్యోగులు. వాటిని గోడకు బిగించి అల్మరా చెక్కలు ఆనించారు. కండక్టరమ్మ కాపురమున్న మేడ తలుపు, ఆకుపచ్చ పెయింటు పెచ్చులతో సహా వచ్చి, షెడ్డుకు తలుపైంది. "ఇన్నేళ్ళు తాళం వేసింది నేను. పారేస్తుంటే చూస్తూ ఊరుకుంటానా?" అంది ఆవిడ, ఆ తలుపును వీపు మీద తట్టినట్టు తట్టి.

ఆదివారాలన్నీ అలాగే పోతున్నాయి. కొడుకు పొద్దున్నే లేచి, పిలవకుండానే పెరట్లో ఉంటున్నాడు. రంపం చప్పుడు, సుత్తి చప్పుడు, ఆ చప్పుళ్ళ మధ్యలో "బాబూ, రైట్ రైట్! ఆపు ఆపు! హోల్డాన్!" అని ఆవిడ కేకలు, వీడి నవ్వులు. టైలరమ్మ ముందుగదిలో మెషిను అవసరానికి మించి గట్టిగా తొక్కేది. ఒకరోజు అలా తొక్కి తొక్కి, ఎవరిదో ప్యాంటు కాలును జేబుతో కలిపి కుట్టేసింది.

అన్నం దగ్గర కొడుకు నోరు విప్పి మాట్లాడటం కూడా మొదలుపెట్టాడు.

"అత్తయ్య కంటితో చూసి చెప్పేస్తారమ్మా, చెక్క ఎక్కడ వంకరగా ఉందో. ఇటు చూడు" అని అరచెయ్యి చాపాడు. వేళ్ళ మొదట్లో బొబ్బలు. బహుమతి గెలుచుకొచ్చినవాడిలా చూపించాడు వాటిని.

"మందు రాసుకో" అంది టైలరమ్మ. గోడకు దేనికైనా ఒక మేకు కొట్టమంటే నడుము నొప్పి అనే చెయ్యి అది.

కోడలు ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ నుంచి రాగానే బట్టలైనా మార్చుకోకుండా పెరట్లోకి పరుగు. "అబ్బ, ఎంత బాగుందో! అత్తయ్యా, మీరు ఇంకా చూడలేదా?" అని అడిగేది.

"చూస్తానే, ఎక్కడికి పోతుంది" అనేది టైలరమ్మ. ఆవిడ చూడకపోవడమేం. వంటింటి కిటికీలోంచి రోజూ చూస్తూనే ఉంది. చూసినకొద్దీ ఒళ్ళు మండేది. వికారంగా ఉంటే బాగుండేది. అది నిజంగానే ముద్దొచ్చేలా తయారవుతోంది.

ఎదురింటావిడతో మాత్రం మనసు విప్పింది. "చుట్టపుచూపుగా వచ్చిన మనిషి పెరట్లో ఇల్లు కట్టుకోవడం ఎక్కడైనా చూశారా? రేపు కుళాయి కూడా వేయించుకుంటుంది."

"మీ అబ్బాయి మాత్రం అత్తగారిని నెత్తిన పెట్టుకున్నాడండీ" అంది ఎదురింటావిడ, సానుభూతిగా. ఆ సానుభూతికి టైలరమ్మకు ఇంకో రెండు రోజులు నిద్ర పట్టలేదు.

చివరికి ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది. "ఇంతకీ ఇదంతా ఎవరికోసం వదినగారూ?"

మీ కోసమే వదినా, మీ మెషిను కోసమే అంటుందేమోనని లోలోపల ఒక చిన్న ఆశ. అంటే ఏం మొహం పెట్టాలో కూడా అనుకుని ఉంచుకుంది.

"నా కోసమే వదినా" అంది కండక్టరమ్మ, సున్నం మరకల చేతులు తుడుచుకుంటూ. "ముందుగదిలో మీరు మహారాణిలా కూర్చుంటారు. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ మిమ్మల్నే పలకరిస్తారు. నాకూ కూర్చోవడానికి ఒక సీటుండొద్దూ?"

ఏళ్ళుగా తను అడిగి అడిగి మానుకున్న షెడ్డులో ఆవిడ కూర్చుంటుందట. టైలరమ్మ గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇంకో క్షణం అక్కడుంటే ఏమనేదో ఆవిడకే భయమేసింది.

*

షెడ్డుకు ఇక కిటికీ ఒక్కటే తక్కువ. వీధివైపు గోడలో నలుచదరంగా కన్నం కోసి ఉంచారు. తగిన కిటికీ కోసం కండక్టరమ్మ పాత సామాన్ల దుకాణాలన్నీ గాలించింది. బుధవారం సాయంత్రం మొహం వెలిగిపోతూ ఇంటికొచ్చింది.

"దొరికింది! చెరువుకట్ట రోడ్డులో పెద్ద దుకాణం ఉంది చూడండి, అక్కడ. రెండు రెక్కల కిటికీ. అద్దాలేమో ఒకటి తేనె రంగు, ఒకటి ఆకుపచ్చ, ఒకటి దానిమ్మగింజ రంగు. ఎవరిదో పాత బంగళాలోది. ఎండ పడితే నేలంతా రంగులే. ఆదివారం వ్యానులో వస్తామని చెప్పొచ్చాను."

"నా ఫ్రెండును వ్యాను అడుగుతాను" అన్నాడు కొడుకు. వాడి కళ్ళు చూసింది టైలరమ్మ. చిన్నప్పుడు గాలిపటం కొనిపెట్టిన రోజు చూసింది ఆ కళ్ళు. ఆ తర్వాత ఇప్పుడే.

శుక్రవారం పొద్దున కండక్టరమ్మ ఫ్లాటు చూసుకోవడానికి వెళ్ళింది. కొడుకు ఆఫీసుకు, కోడలు డ్యూటీకి. టైలరమ్మ మెషిను మీద గుడ్డ కప్పి, ఒక పాత దుప్పటి చంకలో పెట్టుకుని, బస్సెక్కి చెరువుకట్ట రోడ్డులో దిగింది. ఏం చేయబోతోందో ఆవిడ తనకు తాను కూడా చెప్పుకోలేదు. ఊరికే చూసొద్దామనే బయల్దేరాననుకుంది. ఊరికే చూసొచ్చేదానికి దుప్పటి ఎందుకో ఆలోచించలేదు.

దుకాణం లోపల కిటికీ గోడకు ఆనించి ఉంది. రేకు సందులోంచి ఎండ పడి, కింద మట్టినేల మీద తేనె రంగు మరక ఒకటి మెరుస్తోంది.

"ఇది ఒకావిడ ఆదివారం వస్తానన్నారండీ" అన్నాడు దుకాణదారు.

"అడ్వాన్సు ఇచ్చిందా?"

"లేదండీ, మాటే."

టైలరమ్మ బేరమైనా ఆడకుండా సంచిలోంచి డబ్బు తీసి ఆయన చేతిలో పెట్టింది. కూరగాయల దగ్గర కొసరు కోసం అరగంట నిలబడే మనిషి ఆవిడ.

తోపుడు బండి మీద కిటికీని పడుకోబెట్టి, దుప్పటి కప్పి, బండి పక్కనే నడిచొచ్చింది. ప్రతి గతుకుకూ ఆవిడ గుండె కూడా గలగలమంది. ముందుగదిలో గుడ్డల బీరువా వెనక ఉన్న సందులో బండివాడి సాయంతో నిలబెట్టి, పైన కుట్టడానికొచ్చిన కోట్లు తగిలించింది. మంచినీళ్ళు తాగి, మెషిను దగ్గర కూర్చుంది. చేసిన పని తలుచుకుంటే భయమేసింది. ఆ భయంలో సంతోషం కూడా ఉందని ఒప్పుకోక తప్పదు.

ఆదివారం వ్యాను వెళ్ళినంత ఉత్సాహంగా తిరిగి రాలేదు. కండక్టరమ్మ ముందు దిగింది. వ్యాను వెనక ఖాళీ.

"ఏమైంది వదినగారూ?" టైలరమ్మ గుమ్మంలో నిలబడి అడిగింది. గొంతు మామూలుగానే ఉందనుకుంది.

కండక్టరమ్మ ఒక్క క్షణం ఆవిడ మొహం వైపు, మెడ వైపు చూసి, చెప్పులు విడిచింది. "ఏముంది వదినా. సీటు మీద తువ్వాలు వేయాల్సింది, వేయలేదు. నాకంటే ముందు ఎవరో ఎక్కేశారు."

టైలరమ్మకు అమ్మయ్య అనిపించింది. ఆ అమ్మయ్య కొడుకు లోపలికొచ్చేదాకే నిలిచింది. వాడు ఎవరినీ చూడకుండా సోఫాలో కూలబడ్డాడు. "అన్నం పెట్టనా?" అంటే "ఊఁ" అన్నాడు. "కూర బాగుందా?" అంటే అది కూడా అనలేదు. ఆ సాయంత్రం పెరట్లో ఏ చప్పుడూ లేదు. తను కోరుకున్నది సరిగ్గా ఇదే. అయినా ఆ నిశ్శబ్దంలో కూర్చోలేక, టైలరమ్మ ఎవరూ అడగని పిండి పిసికి, ఎవరూ తినని రొట్టెలు కాల్చింది.

మర్నాడు ఆవిడ పెద్ద కత్తెర కనిపించలేదు. ఇల్లంతా వెతికింది. మెషిను కింద, బీరువాలో, గుడ్డ ముక్కల బుట్టలో, ఎక్కడా లేదు. చిన్న కత్తెరతో మందపాటి కోటు గుడ్డ కోయలేక వేళ్ళు వాచాయి. "ఎక్కడ పెట్టారో గుర్తు చేసుకోండి వదినా" అని కండక్టరమ్మ కూడా తనతో పాటు మంచాల కింద వంగి వెతికింది.

*

కిటికీ కన్నానికి గోనెసంచి కొట్టారు. ఇంకో కిటికీ ఏది చూసినా కండక్టరమ్మకు నచ్చడం లేదు. అలా పది రోజులు గడిచాక, మధ్యాహ్నం పూట పెద్ద గాలివాన వచ్చింది. గోనెసంచి ఒక మూల ఊడి జెండాలా కొట్టుకోవడం మొదలుపెట్టింది. వాన అడ్డంగా లోపలికి, ఆ బడి చెక్కల మీదికి కొడుతోంది.

వంటింటి కిటికీలోంచి టైలరమ్మ చూస్తూనే ఉంది. కండక్టరమ్మ నెత్తిన ప్లాస్టిక్ సంచి వేసుకుని, ఒక స్టూలు, సుత్తి పట్టుకుని పరుగెత్తింది. స్టూలెక్కింది. ఒక మేకు కొట్టింది. రెండో మేకుకు చెయ్యి చాచినప్పుడు స్టూలు కాలు బురదలో జారింది.

టైలరమ్మ చెప్పులైనా వేసుకోకుండా వానలోకి ఉరికింది. కండక్టరమ్మ బురదలో కూర్చుని, కుడి మణికట్టును ఎడమచేత్తో పట్టుకుని ఉంది. "లేవగలరా? నా భుజం పట్టుకోండి. గట్టిగా పట్టుకోండి!" అని అరిచింది టైలరమ్మ. ఇద్దరూ తడిసి ముద్దయి, ఒకరినొకరు మోసుకుంటూ లోపలికొచ్చారు.

సాయంత్రం కోడలు వచ్చి చూసింది. ఎముక విరగలేదు, బెణికిందంతే. కట్టు కట్టి, చెయ్యి కదపకూడదంది. కొడుకు వేడినీళ్ళ సంచి తెచ్చాడు, తలగడ ఎత్తు పెట్టాడు, మాత్ర వేసుకున్నారా లేదా అని రెండుసార్లు అడిగాడు. ఆ కంగారు చూస్తుంటే, ఇంత తప్పు చేసి కూడా, టైలరమ్మకు మళ్ళీ అదే మంట. నాకు జ్వరమొస్తే తలుపు దగ్గరే నిలబడి 'ఎలా ఉంది' అంటాడే! అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యమేసింది.

మర్నాడు ఇంట్లో ఇద్దరే మిగిలారు. టైలరమ్మ దువ్వెన తీసుకుని వియ్యపురాలి వెనక కూర్చుంది. కుడిచెయ్యి కదపలేని మనిషి తల దువ్వుకోలేదు కదా. చిక్కులు తీస్తుంటే కండక్టరమ్మ ముందుకు చూస్తూనే, మామూలు గొంతుతో అడిగింది.

"ఆ కిటికీ అంత బరువుంటుంది కదా వదినా, ఒక్కరే ఎలా తెచ్చారు?"

దువ్వెన చిక్కు మధ్యలో ఆగిపోయింది.

"మీకు... ఎప్పట్నుంచి తెలుసు?"

"ఆదివారం నుంచే. ఎవరు కొన్నారయ్యా అంటే, 'ఎవరో పెద్దావిడండీ, మెడలో కొలతల టేపు వేసుకుని వచ్చారు' అన్నాడు. అల్లుడు వ్యాను దగ్గరున్నాడు, వినలేదు. ఇంటికొచ్చేసరికి మీరు గుమ్మంలో ఉన్నారు. మెడలో టేపుంది."

టైలరమ్మ చెయ్యి తనకు తెలియకుండానే మెడ దగ్గరికి పోయింది. అది అక్కడే ఉంది. పొద్దున లేచి వేసుకుంటే పడుకునేటప్పుడే తీస్తుంది. బస్సులో కూడా అలాగే కూర్చుందన్నమాట.

"మరి అప్పుడే మొహం మీద అడగలేదేం?"

"టికెట్టు లేకుండా ఎక్కినవాళ్ళని నేనెప్పుడూ చొక్కా పట్టుకుని అడగలేదు వదినా. వెళ్ళి పక్కన నిలబడేదాన్ని. రెండు స్టాపులు దాటేసరికి వాళ్ళే డబ్బులు తీసేవాళ్ళు. మీరు మాత్రం చాలా దూరం ప్రయాణం చేశారు."

టైలరమ్మ మంచం మీంచి లేవబోయి, మళ్ళీ కూర్చుంది. ఏడుపొచ్చింది. ఏడుపు కంటే ముందు మాటలొచ్చాయి.

"అవును, నేనే కొన్నాను. మీకు దక్కకూడదనే కొన్నాను. మీరొచ్చినప్పట్నుంచి నాకు కడుపు మండిపోతోంది. నా కొడుకు నాతో ఎప్పుడైనా అలా నవ్వాడా? నాకోసం ఎప్పుడైనా బొబ్బలు తెచ్చుకున్నాడా? ఆ షెడ్డు నేనెన్నేళ్ళు అడిగానో మీకేం తెలుసు? మీరు టీ గ్లాసుతో వెళ్ళి ఒక్క కేక వేశారు, అయిపోయింది. చూస్తూ కూర్చోడానికి నేనేం రాయినా?"

కండక్టరమ్మ వెనక్కి తిరిగింది. సగం దువ్విన జుట్టు మొహం మీద పడింది. ఆవిడ కూడా నవ్వడం లేదు.

"మరి నేను రాయినా? మీ ఇంట్లో అడుగుపెట్టిన రోజే చూశాను. నా కూతురు వేసుకునే గౌన్లు మీరు కుట్టినవి. దాని మంచం మీద దుప్పటి మీది. దానికి తలనొప్పి వస్తే 'అత్తయ్యా' అని మీ గదిలోకి పోతుంది. నేను పక్కగదిలోనే ఉన్నాను వదినా! నేను కొనుక్కొచ్చిన గౌను వేసుకుని, భుజాల దగ్గర సరిపోలేదని మీకే ఇచ్చింది సరిచేయమని. దాని చిన్నప్పుడు నేను తెల్లవారి డ్యూటీకి పోతే, పక్కింటివాళ్ళు జడ వేసేవాళ్ళు. భుజాలు ఎంత వెడల్పో నాకెప్పుడూ తెలియదు. అందుకే పెరట్లోకి పోయాను. లోపలంతా మీరే ఉన్నారు."

టైలరమ్మ దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు తీసి ఉండ చుట్టింది.

"నా మీద కోపం రాలేదా?" టైలరమ్మ ముక్కు చీదుకుంటూ అడిగింది.

"రాకేం! ఒళ్ళు మండిపోయింది. మీ కత్తెర నా ట్రంకుపెట్టెలో ఉంది."

టైలరమ్మ నోరు తెరిచింది. "నాతో పాటు మంచాల కింద దూరి వెతికారు కదండీ!"

"వెతక్కపోతే అనుమానం రాదూ?"

ఇద్దరిలో ముందు ఎవరు నవ్వారో తెలియదు. నవ్వి నవ్వి కండక్టరమ్మ కట్టు కట్టిన చెయ్యి మంచం కోడుకు కొట్టుకుని "అమ్మో" అంది. అప్పుడు కూడా నవ్వు ఆగలేదు.

*

కొడుక్కి తనే చెబుతానంది టైలరమ్మ. మీరు నోరు మెదపొద్దని వియ్యపురాలికి మరీ మరీ చెప్పింది. ఆ సాయంత్రం కొడుకూ కోడలూ ఇంట్లో ఉన్నప్పుడు, బీరువా వెనక కోట్లన్నీ తీసి మంచం మీద పడేసి, దుప్పటి లాగేసింది.

కోడలు ముక్కున వేలేసుకుంది. కొడుకు కిటికీని, తల్లిని మార్చి మార్చి చూశాడు. మొహం ఎర్రబడింది.

"నువ్వా? అమ్మా, ఆవిడ చెయ్యి విరిగేది తెలుసా? ఏం పనమ్మా ఇది!"

"తెలుసురా. తప్పే. కాదనడం లేదు."

"నీకు కావాలంటే నన్నొక మాట అడిగితే సరిపోయేది కదా!"

"ఏళ్ళ తరబడి అడిగాను" అంది టైలరమ్మ. గొంతు పెంచలేదు. "షెడ్డు బాగు చేయించరా అని."

వాడు కిటికీ చట్రం మీద బొటనవేలితో దుమ్ము తుడుస్తూ నిలబడ్డాడు.

"చేయించమన్నావు" అన్నాడు చివరికి. "ఎవరినో పిలవాలి, మాట్లాడాలి, వాళ్ళ వెంట తిరగాలి. పగలంతా ఆఫీసులో అదే పని నాకు. మనమే చేద్దామని నువ్వెప్పుడూ అనలేదమ్మా. చిన్నప్పుడు సుత్తి పట్టుకుంటే లాక్కునేదానివి, వేలు నలుగుతుందని."

టైలరమ్మ సుత్తి లాక్కున్న మాట నిజం. తండ్రి లేని పిల్లాడు, వేలికి దెబ్బ తగిలితే ఎవరు చూస్తారని లాక్కుంది. అది వాడికి చెప్పాలనుకుంది గాని, ఇప్పుడు చెబితే సాకులా ఉంటుందని ఊరుకుంది. వాడు లోపలికి వెళ్ళిపోయాడు. మూడు రోజులు తల్లితో సరిగ్గా మాట్లాడలేదు.

ఆదివారం పొద్దున మాత్రం, టైలరమ్మ మెషిను దగ్గర కూర్చోబోతుంటే, పెరట్లోంచి కేక వినిపించింది.

"అమ్మా! ఒక్కసారి రా. ఈ చివర పట్టుకో."

ఆవిడ లేచిన తొందరకు కుర్చీ వెనక్కి పడింది.

తీరా చూస్తే కిటికీ ఆ కన్నంలో పట్టలేదు. జానెడు పొడుగుంది. కండక్టరమ్మ కట్టు చెయ్యి మెడకు వేలాడేసుకుని స్టూలు మీద కూర్చుని, "నేను కంటితోనే చూశాను, సరిగ్గానే ఉందే!" అని వాదించింది.

"కంటితో చూస్తే గౌన్లు కూడా భుజాల దగ్గర అలాగే అవుతాయి" అంది టైలరమ్మ. అన్నాక తనే భయపడి వియ్యపురాలి వైపు చూసింది. కండక్టరమ్మ మూతి తిప్పింది.

టైలరమ్మ టేపు తీసి గోడను కొలిచింది. కింది చెక్క కోయాలంది. సుద్దముక్కతో గీత గీసింది. కొడుకు రంపం పట్టుకుంటే, చెక్క ఊగకుండా ఆవిడ రెండు చేతులతో అదిమి పట్టింది. రంపపు పొట్టు ఆవిడ జుట్టు నిండా రాలింది. సగం కోశాక వాడు ఆగి, "నువ్వు కోస్తావా?" అని అడిగాడు. ఆవిడ కోసింది. వంకరగా కోసింది. వాడు నవ్వాడు. అత్తగారితో నవ్వినంత గట్టిగా కాదు, ఆ తేడా టైలరమ్మ గమనించకపోలేదు. అయినా ఆ పూటకు అదే పదివేలనుకుంది. సుత్తి దెబ్బ ఒకటి వాడి వేలికే తగిలింది. "అబ్బా" అని విదిలించుకుంటుంటే, చెయ్యి పట్టుకోబోయి, ఆపుకుని, నీళ్ళ చెంబు మాత్రం అందించింది.

మధ్యాహ్నానికి కిటికీ కూర్చుంది. ఎండ పడింది. బడి చెక్కల మీద తేనె రంగు, ఆకుపచ్చ, దానిమ్మ రంగు పరుచుకున్నాయి. నలుగురూ లోపల నిలబడి కాళ్ళ వైపు చూసుకున్నారు. కోడలి తెల్ల యూనిఫాం మీద కూడా ఒక ఆకుపచ్చ పలక పడింది.

షెడ్డు చూడటానికి వీధి వీధంతా వచ్చింది. నల్లబల్లను చూసి కొందరు, బస్సు గొట్టాలను పట్టుకుని కొందరు మురిసిపోయారు. ప్రతివాళ్ళూ చివరికి కిటికీ దగ్గరే ఆగారు. "ఇది ఎక్కడ పట్టారండీ?" అని ఎదురింటావిడ అడిగింది.

"అది మా వదినగారి సెలెక్షనండీ. ఎవరికీ చెప్పకుండా వెళ్ళి, ఒక్కరే మోసుకొచ్చారు" అంది కండక్టరమ్మ, మొహంలో ఒక్క గీత కూడా కదలకుండా.

టైలరమ్మ చెవులు కాలిపోయాయి. తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని, "ఏదోలెండి" అని గొణిగింది.

షెడ్డు ఎవరిదన్న తగువు మాత్రం తేలలేదు. మెషిను తెచ్చి కిటికీ పక్కన వేసింది టైలరమ్మ. నా కుర్చీ అక్కడుండాలని కండక్టరమ్మ పట్టుబట్టింది. పొద్దున పూట ఒకరు, సాయంత్రం పూట ఒకరని కోడలు పంచాయితీ చేస్తే, ఇద్దరూ ఒప్పుకుని, ఇద్దరూ రెండు పూటలా అక్కడే కూర్చున్నారు. మణికట్టు నయమయ్యాక కండక్టరమ్మకు టేపు పట్టడం నేర్పింది టైలరమ్మ. మొట్టమొదట కొలిచింది కోడలి భుజాలు. కండక్టరమ్మ కుట్టిన గౌను మెడ దగ్గర ఎగుడుదిగుడుగా వచ్చింది. కోడలు దాన్ని వారంలో నాలుగు రోజులు వేసుకుని తిరుగుతుంటే, టైలరమ్మకు చూసి చూసి పుండు మీద కారం చల్లినట్టుండేది. విప్పి సరిచేద్దామని రెండుసార్లు చేతిలోకి తీసుకుని, రెండుసార్లూ మడతపెట్టి ఉన్నచోటనే పెట్టేసింది.

ఆకులు రాలే రోజుల్లో ఫ్లాటు తాళాలు చేతికొచ్చాయి. కండక్టరమ్మ ట్రంకుపెట్టె సర్దుకుంది. వెళ్ళిన వారానికే ఫోను చేసింది.

"బాబూ, ఇక్కడ బాల్కనీ ఒకటి బోసిగా ఏడుస్తోంది. కింద ఎవరో పాత గేటు పారేశారు. ఆదివారం ఒకసారి వస్తావా?"

"వస్తాను అత్తయ్యా!" అన్నాడు వాడు, అవతల మాట పూర్తవకముందే.

పక్కగదిలో అన్నం కలుపుతున్న టైలరమ్మ చెయ్యి ఆగింది. కడుపులో ఆ పాత మంట, ఎక్కడికీ పోకుండా, సుఖంగా తన చోటులో తను కూర్చునే ఉంది.

ఆదివారం పొద్దున కొడుకు పనిముట్ల సంచి పట్టుకుని బయటికొచ్చేసరికి, టైలరమ్మ అప్పటికే స్నానం చేసి, జుట్టుకు గుడ్డ బిగించి కట్టుకుని, ఆటోలో కూర్చుని ఉంది.

"నువ్వెక్కడికమ్మా?"

"ఆవిడకు కొలవడం ఇంకా సరిగ్గా రాదురా. ఎక్కు, ఆలస్యమవుతోంది" అంది, సీటులో కాస్త పక్కకు జరుగుతూ.